కొంచెం ఇబ్బందిగా ఉందండి

సబీహా టెస్టర్ ఉద్యోగంలో చేరిందన్న కబురు ఏలూరు తంగెళ్లమూడిలో పాకిన మూడో రోజున పక్కింటి ఏడుకొండలు గారు పాడైన టేబుల్ ఫ్యాన్ చంకన పెట్టుకుని వచ్చారు. ఆయన్ని అనడానికేం లేదు. ఏలూరులో టెస్టర్ అంటే ప్లగ్గులో పెడితే పిడిలో ఎర్రలైటు వెలిగే స్క్రూడ్రైవరే కదా. ఆడపిల్ల కరెంటు పనిలో చేరిందని ఆయన ముచ్చటపడ్డారు కూడా.

"మంచిదేనమ్మా, కాలం మారింది. దీని సంగతి ఒకసారి చూసిపెట్టు" అని ఫ్యాను అరుగు మీద దించారు.

"నేను ఆ టెస్టర్ని కాదు బాబాయ్ గారూ" అంది సబీహా. "సెల్‌ఫోన్లో ఆటలుంటాయి కదండీ. అవి జనంలోకి వెళ్లకముందు నేను ఆడి చూడాలి. ఎక్కడ చెడిపోతున్నాయో రాసివ్వాలి. అదే నా పని."

"ఆడి చూడాలా?"

"ఆయ్."

"దానికి జీతం కూడా ఇస్తారా?"

"ఇస్తారండి."

ఏడుకొండలు గారు ఫ్యాను మళ్లీ చంకన పెట్టుకుని, వెళుతూ వెళుతూ సబీహా తండ్రి నాగూర్ వైపు ఒక జాలి చూపు చూశారు. మగ్గం ముందు కూర్చుని తివాచీ నేస్తున్న నాగూర్ తల దించుకున్నాడు. డిగ్రీ చదివించిన కూతురు రోజంతా ఆడుకుని అలిసిపోయి ఇంటికి వస్తోందని నలుగురికీ ఎలా చెప్పుకోవాలో ఆయనకి తెలియడం లేదు. కంప్యూటర్ పని అని చెప్పి ఊరుకుంటున్నాడు.

అందుకే ఒక గడువు పెట్టాడు. 2007 మార్చిలో చేరింది కాబట్టి జూన్‌లో బళ్లు తెరిచేదాకా చూస్తాడు. అప్పటికి ఉద్యోగం ఖాయమైతే సరి. కాకపోతే తాడేపల్లిగూడెం వెళ్లి హఫ్సా ఖాలా బడిలో ఎల్‌కేజీ పిల్లలకి పాఠం చెప్పాలి. ఖాలా అంటే సబీహా అమ్మ అమీనాకి సొంత చెల్లెలు. గూడెంలో చిన్న బడి నడుపుతోంది. క్రితం ఏడు అక్కడ రెండు వారాలు పని చేసింది సబీహా. నలభై మంది పిల్లలు. ఒకడు ఏడుపు ఆపితే ఇంకొకడు అందుకునేవాడు. రెండో వారం చివరికి సబీహా కూడా వాళ్లతో కలిసి ఏడ్చింది. గూడెం వెళ్లకుండా ఉండాలంటే ఈ ఉద్యోగం నిలవాలి. అంతే, అంతకన్నా ఆమెకి వేరే కోరిక లేదు.

ఆఫీసు పవర్‌పేటలో, ఒక సైకిల్ షాపు మీద గది. మూడు కంప్యూటర్లు, ఆరు సెల్‌ఫోన్లు, ఒక మంచినీళ్ల కూజా. యజమాని సుబ్బరాజు గారిది గణపవరం. మండవల్లి దగ్గర చేపల చెరువులున్న కుటుంబం. హైదరాబాదులో కంప్యూటర్లు నేర్చుకుని, చెరువుల మీదికి పోకుండా ఏలూరులో గది తీసుకుని, 'గూడబాతు' అనే ఆట తయారుచేస్తున్నారు. కొల్లేటికి చలికాలంలో వచ్చే పెద్ద పక్షి లేదూ, ముక్కు కింద సంచి వేలాడుతుంది, అదే. వలలు తప్పించుకుంటూ సంచి నిండా చేపలు పట్టి ఆ పక్షిని గూటికి చేర్చాలి. బొమ్మలన్నీ ఆయనే స్వయంగా గీశారు. పక్షి నడకలో ఆయన నడక కాస్త కనిపిస్తుందని సబీహాకి అనుమానం.

సుబ్బరాజు గారి మర్యాద సంగతి చెప్పకపోతే ఈ కథ నడవదు. గణపవరం వైపు మర్యాదకి లోటుండదని అందరికీ తెలుసు. ఈయన గణపవరం వాళ్లనే కంగారుపెట్టే రకం. కంప్యూటర్ ఆగిపోతే "ఏవండీ, ఏమైందండీ" అని దాన్నే అడుగుతారు. మెట్లకి అడ్డంగా పడుకున్న కుక్కని "కాస్త జరుగుతారా అండీ" అని బతిమాలి, అది కన్ను కూడా తెరవకపోతే తానే గోడకి అంటుకుని పక్కనుంచి వెళతారు.

ఆటకి ప్రోగ్రాం రాసేది మణిదీప్. తణుకు కుర్రాడు. బుర్ర మహా చురుకు, మనసు మాత్రం అప్పడం. చేరిన మొదటిరోజు ఈ సంగతి తెలియక సబీహా నోట్‌బుక్కులో ఉన్నదున్నట్టు రాసింది: "నాలుగో దశలో వల పక్షి మీద పడినా ఏమీ అవడం లేదు. ఇది తప్పు." మణిదీప్ అది చదివాడు. మూత తీయబోతున్న క్యారేజీని మళ్లీ బిగించి పక్కన పెట్టేశాడు. సాయంత్రం దాకా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు.

సుబ్బరాజు గారు సబీహాని పక్కకి పిలిచారు.

"ఏమీ అనుకోకండి సబీహా గారూ. మణిదీప్ గారు కొంచెం మనసు కష్టపెట్టుకున్నారండి. తప్పు అనే మాట కాస్త కటువుగా ఉందేమో, ఒకసారి ఆలోచించండి."

"మరి తప్పుని ఏమని రాయాలండి?"

ఆయన చాలాసేపు ఆలోచించారు. "ఇబ్బంది అంటే బావుంటుందేమోనండి. కొంచెం ఇబ్బంది."

అలా మొదలైంది. ఆటని కొనబోయే బెంగళూరు కంపెనీ పంపిన ఫారంలో ప్రతి తప్పుకీ ఎదురుగా అది ఎంత పెద్దదో గుర్తు పెట్టడానికి నాలుగు గళ్లున్నాయి. క్రిటికల్, మేజర్, మైనర్, ట్రివియల్. మన మాటల్లో ఘోరం, పెద్దది, చిన్నది, మరీ చిన్నది. మొదటి రెండు గళ్లూ సుబ్బరాజు గారు తీసేయించారు. "మనలో మనం ఘోరం అని రాసుకుంటే ఏం బావుంటుందండీ" అన్నారు. సబీహా తెలుగులో మెత్తగా రాసినదాన్ని ఆయన ఇంగ్లీషులోకి మార్చి బెంగళూరు పంపేవారు. మార్చేటప్పుడు తన వంతు మెత్తదనం ఇంకాస్త కలిపేవారు. అక్కడికి చేరేసరికి అది ఫిర్యాదో అభినందనో తెలిసేది కాదు. సబీహా ఆ పద్ధతి ఇట్టే పట్టేసింది. మణిదీప్ క్యారేజీ రోజూ ఖాళీ అవుతోంది, ఆఫీసులో అందరూ నవ్వుతూ పలకరించుకుంటున్నారు, ఉద్యోగం నిలవడానికి ఇంతకన్నా ఏం కావాలి అనుకుంది.

ఏప్రిల్‌లో ఆమెకి అసలైన తప్పు దొరికింది.

ఆఫీసులో ఉన్న ఆరు ఫోన్లలోనూ సిమ్ కార్డుల్లేవు. ఆట ఆడి చూడ్డానికి సిమ్ ఎందుకని ఎవరూ వేయలేదు. సబీహా సొంత ఫోను బటన్లు అరిగిపోయి పాడైతే, తన సిమ్ తీసి ఆఫీసు ఫోనొకదాంట్లో వేసుకుంది. అమీనా రోజూ సరిగ్గా ఒంటిగంటకి ఫోన్ చేసి "తిన్నావా?" అని అడుగుతుంది. ఆ రోజూ చేసింది. అప్పుడు ఆటలో గూడబాతు నీళ్లలోకి ముక్కు దించి ఉంది. ఫోను మోగలేదు. పక్షి తెరిచిన నోరు తెరిచినట్టే బిగుసుకుపోయింది. ఏ బటను నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. వెనక మూత తీసి, బ్యాటరీ ఊడదీసి పెడితే గానీ ఫోను బతకలేదు. మళ్లీ వెలిగాక అమ్మ చేసిన ఫోను ఆనవాలు కూడా అందులో లేదు. సబీహా మరో రెండు రోజులు అమ్మ ఫోన్ కోసం పక్షిని నీళ్లలో పెట్టి కాచుకుంది. రెండుసార్లూ అదే తంతు.

నోట్‌బుక్కులో పంతొమ్మిదో నంబరుగా రాసింది: "ఫోన్ వచ్చినప్పుడు పక్షి కొంచెం ఇబ్బంది పడుతోందండి. వీలు చూసుకుని ఒకసారి చూడగలరు." గుర్తు పెట్టాల్సినచోట, మణిదీప్ అప్పుడే క్యారేజీ విప్పుతున్నాడని చూసి, మరీ చిన్నది అన్న గడిలో పెట్టింది. అతను చదివి నవ్వాడు. పక్షి రెక్క ఒక క్షణం తడబడుతోంది కాబోలు అనుకున్నాడు. రెండు వారాలు చూసి ఇరవై ఏడో నంబరుగా మళ్లీ రాసింది: "పంతొమ్మిది గురించి ఏమీ అనుకోకపోతే మరొకసారి కొంచెం గుర్తుచేస్తున్నానండి." మే నెలలో ముప్ఫై ఎనిమిదో నంబరు ఇంకా మెత్తగా ఉంది. అందులో అసలు విషయమే లేదు, క్షమాపణ ఒక్కటే ఉంది.

మే చివర్లో బెంగళూరు నుంచి ఎలిజబెత్ వచ్చింది. ఆట కొనాలో వద్దో చెప్పేది ఆమే. ఆమె సరేనంటే గూడబాతు కొన్ని లక్షల ఫోన్లలోకి వెళుతుంది. ఆఫీసు నిలబడుతుంది, దాంతో పాటు సబీహా ఉద్యోగమూను. ఉద్యోగం బెంగళూరులో అయినా ఎలిజబెత్ గుంటూరు మనిషి. అటువాళ్లు మనసులో మాటకి ముసుగు వేయరు.

"చాలా ఎండగా ఉంది. ఈ గదిలో ఎలా పనిచేస్తున్నారు?" అంటూనే లోపలికి వచ్చింది.

సుబ్బరాజు గారు కంగారుపడి తన ఫ్యాను ఆమె వైపు తిప్పారు. ఆమెకిష్టమని తెలుసుకుని కొరమీను పులుసు ఇంటి దగ్గర్నుంచి చేయించి తెప్పించారు. బల్ల మీదున్న ఫోన్లలో తెర బాగున్నదొకటి తీసి, తుడిచి, ఆమె చేతికిచ్చారు. అది సబీహా సిమ్ ఉన్న ఫోను. అప్పుడు టైము పన్నెండూ నలభై.

ఎలిజబెత్ ఆడటం మొదలుపెట్టింది. బాగానే ఆడుతోంది. ఒక చేత్తో తప్పుల జాబితా తిరగేసింది.

"నలభై మూడు రాశారు. ఒక్కటి కూడా పెద్దది లేదు. ఇంత శుభ్రమైన ఆట నేను ఈమధ్య చూడలేదు" అంది. సుబ్బరాజు గారు సిగ్గుపడ్డారు. మణిదీప్ చొక్కా సర్దుకున్నాడు. ఎలిజబెత్ సబీహా వైపు తిరిగింది. "నువ్వేగా టెస్టర్‌వి. సూటిగా అడుగుతున్నాను. దీన్ని జనం చేతిలో పెట్టొచ్చా?"

గోడ గడియారం వైపు చూసింది సబీహా. ఒంటిగంటకి పది నిమిషాలు తక్కువ. "చార్జింగు చూస్తానండి, ఒకసారి ఇలా ఇస్తారా" అంటే చాలు. సిమ్ తీసేయొచ్చు. ఎవరికీ తెలియదు. సాయంత్రానికి సంతకాలు అయిపోతాయి, గూడెం ప్రయాణం తప్పుతుంది. మూడుసార్లు నోట్‌బుక్కులో రాసింది కూడా, తన మీద మాట రాదు. కానీ ఎవరో ఒకరికి వాళ్ల అమ్మ ఫోన్ చేస్తుంది. తిన్నావా అనే అడగాలని ఏముంది, నాన్నకి బాగోలేదు రమ్మని కూడా కావచ్చు. ఇక్కడ మనిషి పక్షికి చేపలు పెడుతూ ఉంటాడు, అతనికి ఆ సంగతే తెలియదు. తనకి భయంగా ఉందని సబీహాకి స్పష్టంగా తెలిసింది.

"పెట్టొచ్చండి, కాకపోతే ఫోన్ వచ్చినప్పుడు కొంచెం..." అని ఆగిపోయింది.

"కొంచెం అంటే?"

సుబ్బరాజు గారు చూస్తున్నారు. మణిదీప్ చూస్తున్నాడు.

"కొంచెం కాదండి. ఫోను చచ్చిపోతుంది. పెట్టకూడదు" అంది సబీహా. "ఒంటిగంటకి మా అమ్మీ ఫోన్ చేస్తుంది. పక్షిని నీళ్లలోకి దించి మీరే చూడండి."

ఎలిజబెత్ పక్షిని నీళ్లలోకి దించి కూర్చుంది. నలుగురూ గడియారం చూస్తున్నారు. ఒంటిగంట అయింది. ఒంటిగంటా రెండు అయింది. ఒంటిగంటా ఐదు అయింది. ఏమీ అవలేదు. పక్షి హాయిగా ఏడో చేప మింగింది. మూడు నెలలుగా ఒక్కరోజు తప్పని అమ్మ ఈ ఒక్కరోజే తప్పింది. సబీహాకి ఏడుపొచ్చినంత పనైంది. లేచి వెళ్లి ఆఫీసు ల్యాండ్‌లైను నుంచి ఇంటికి చేసింది.

"అమ్మీ, ఇవాళ ఫోన్ చేయలేదేం?"

"బెంగళూరు నుంచి పెద్దవాళ్లు వస్తున్నారన్నావుగా" అంది అమీనా. "మధ్యలో చేస్తే బావుండదని ఊరుకున్నాను. తిన్నావా?"

"తర్వాత చెబుతా. ఇది పెట్టేసి నా సెల్లుకి చెయ్యి."

"ఇప్పుడు మాట్లాడుతూనే ఉన్నాంగా."

"అమ్మీ, దండం పెడతాను, చెయ్యి."

అమీనా చేసింది. ఎలిజబెత్ చేతిలో గూడబాతు నోరు తెరిచి బిగుసుకుపోయింది. ఆమె అన్ని బటన్లూ నొక్కింది. ఊపింది. చివరికి మూత తీసి బ్యాటరీ ఊడదీసి బల్ల మీద పెట్టింది.

"ఇది జాబితాలో ఎక్కడుంది?"

"పంతొమ్మిది, ఇరవై ఏడు, ముప్ఫై ఎనిమిది" అంది సబీహా.

సుబ్బరాజు గారి ఇంగ్లీషుని ఎలిజబెత్ తెలుగు చేసుకుంటూ పైకి చదివింది. "ఫోను వచ్చు సమయమున పక్షి గారు స్వల్ప అసౌకర్యమునకు లోనగుచున్నారని వినయపూర్వక మనవి." చదివి, కాగితం మడిచి, కాసేపు కళ్లు మూసుకుంది. "రెండు వారాలు టైమిస్తాను. ఇది బాగుచేయండి. జాబితా మొత్తం ఈ అమ్మాయి చేత మళ్లీ రాయించండి. అందులో కొంచెం అన్న మాట కనిపిస్తే నేను తీసుకోను." తర్వాత కూర్చుని రెండుసార్లు వడ్డించుకుని తింది. "పులుసులో ఉప్పెక్కువైంది" అని చెప్పి రైలుకి వెళ్లిపోయింది.

ఆమె వెళ్లాక సబీహా తిట్లకి సిద్ధపడి నిలబడింది. సుబ్బరాజు గారు తిట్టలేదు. ఆయనకి తిట్టడం రాదు. కుర్చీలో కూర్చుని తన చేతుల వంక చూసుకున్నారు.

"నా చిన్నప్పుడు మండవల్లి చెరువు దగ్గర కాపలాకి ఏలీయా అని ఒక పెద్దాయన ఉండేవారండి" అన్నారు. "ఒకరోజు పొద్దున్నే వచ్చి మా నాన్నగారితో, చేపలు కొంచెం పైకి వస్తున్నాయండి అన్నారు. నాన్నగారు కాఫీ తాగుతున్నారని నెమ్మదిగా చెప్పారు. నాన్నగారు కూడా సరేనండి అని కాఫీ ముగించారు. నీళ్లలో గాలి చాలక చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయన్నమాట. వెంటనే వెళ్లి నీళ్లు పెట్టించాలి. మేం వెళ్లేసరికి చెరువంతా తెల్లగా తేలిపోయిందండి." బల్ల మీది జాబితా ముందుకి లాక్కున్నారు. "అది నా కళ్లతో చూసి కూడా, రెండు గళ్లు తీసేయించాను చూశారా. నాది తప్పండి."

ఆయన నోట తప్పు అన్న మాట వినడం మణిదీప్‌కీ సబీహాకీ అదే మొదలు.

ఆ సాయంత్రం సబీహా నలభై మూడూ తిరగరాసింది. ఘోరాలు పదకొండు తేలాయి. పంతొమ్మిదో నంబరు కింద "ఫోన్ వస్తే ఫోను చచ్చిపోతోంది" అని ఒక్క ముక్క రాసింది. మర్నాడు మధ్యాహ్నం మణిదీప్ అది చదివాడు. క్యారేజీ వైపు చూశాడు.

"ఇది ఏప్రిల్‌లోనే చెప్పొచ్చు కదండీ. నాలుగు రోజుల పని" అని, మూత తీసి అన్నం కలుపుకున్నాడు. మూడుసార్లు చెప్పాను మహానుభావా అని సబీహా నోటిదాకా వచ్చింది. అన్నం ముందున్న మనిషిని ఏమీ అనకూడదని మింగేసింది.

నాలుగు రోజులన్నది ఆరైంది గానీ పక్షి బాగుపడింది. జూన్ మొదటి వారంలో ఎలిజబెత్ మళ్లీ వచ్చి, అమీనా చేత ఎనిమిదిసార్లు ఫోన్ చేయించి, ఆట తీసుకుంది. మర్నాడు సుబ్బరాజు గారు సబీహాకి ఒక కవరు ఇచ్చి, "ఇంటికెళ్లి తీరిగ్గా చదువుకోండి" అని కంగారుగా బయటికి వెళ్లిపోయారు.

ఇంట్లో విప్పింది. ఇలా ఉంది: "తమరి సేవలు మాకెంతో ఆనందం కలిగించినవి. ఇటుపైన కూడా తమరికి వీలున్న పక్షంలో, ఎటువంటి ఇబ్బందీ లేని పక్షంలో, మా అదృష్టం ఎలా ఉంటే అలా, తగిన నిర్ణయం తీసుకోగలరని ఆశిస్తూ, తమరికి సర్వదా శుభం కలగాలని కోరుకుంటున్నాము."

నాగూర్ రెండుసార్లు చదివాడు. "ఇంతకీ ఉద్యోగం ఇచ్చాడా, తీసేశాడా?"

"పెళ్లి శుభలేఖలా ఉంది" అంది అమీనా.

ఫోన్లో చదివి వినిపిస్తే హఫ్సా ఖాలా ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "తీసేశారే పిచ్చిదానా. ఆనందం కలిగించినవి అన్నారంటే అయిపోయిందనే. సోమవారం పొద్దున పాసింజరుకి వచ్చెయ్. ఈసారి పిల్లలు నలభై ఆరు మంది."

సబీహా ఆ ఉత్తరం బల్ల మీద పరిచి కూర్చుంది. ఎర్ర పెన్ను తీసింది. ఉత్తరం కిందే రాసింది: "నలభై నాలుగో నంబరు. ఈ ఉత్తరం నలుగురం చదివాం. ఉద్యోగం ఉందో లేదో ఒక్కరికీ తెలియలేదు. క్రిటికల్." మర్నాడు పొద్దున తీసుకెళ్లి సుబ్బరాజు గారి ముందు పెట్టింది.

ఆయన చదివారు. ముఖం చిన్నబోయింది. మణిదీప్ తన బల్ల దగ్గర్నుంచి "గురువుగారూ, భోజనం మాత్రం మానేయకండి" అన్నాడు.

"మీకు వేరే ఆలోచనలేమైనా ఉంటే మొహమాటపెట్టినట్టు అవుతుందేమోనని అలా రాశానండి" అన్నారు సుబ్బరాజు గారు.

"సోమవారం గూడెంలో బడి తెరుస్తారండి" అంది సబీహా. "నాకు వెళ్లాలని లేదు. నాకు ఈ పనే ఇష్టం. ఇదే కావాలి. ఇస్తున్నారా, లేదా?"

ఆయన కొత్త కాగితం తీశారు. మొదటి మాట రాసి కొట్టేశారు. రెండోది రాసి అదీ కొట్టేశారు. మూడో కాగితం మీద ఒక్క వాక్యం రాసి ఆమె చేతికిచ్చారు. "సబీహాకి ఉద్యోగం ఇచ్చాను."

సబీహా కళ్లు తుడుచుకుని చదివింది. మళ్లీ చదివింది. వెనక్కి తిప్పి చూసింది.

"ఏమైనా ఇబ్బంది ఉందా అండీ?" అన్నారాయన.

"తేదీ లేదండి."

"మైనరేనా?"

"మేజర్" అంది సబీహా.

ఆయన కాగితం వెనక్కి తీసుకుని తేదీ వేశారు.